తొలి టాకీల ప్రేమకథల్లో అడ్డుగోడ ఏది: డబ్బా, పుట్టుకా, మాటా?

కులాంతర ప్రేమ మీద కొత్త సినిమా ఏదైనా వచ్చి గొడవ మొదలైందంటే చాలు, సోషల్ మీడియాలో రెండు వాదనలు పైకి తేలతాయి. "1938లోనే 'మాలపిల్ల' తీశారు మనవాళ్లు, ఇప్పుడు తీయండి చూద్దాం" అనేది ఒకటి. "ఆ రోజుల్లో అన్నీ పురాణాలే, సాంఘికం అంటే డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ ప్రేమించుకోవడం, అంతే" అనేది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. చిక్కల్లా ఏమిటంటే ఇద్దరూ డబ్బు తేడానీ కులం తేడానీ ఒకే గాటన కట్టేస్తారు. తొలి టాకీలు, అంటే మాటలు వినిపించే తొలి సినిమాలు, తీసినవాళ్లు ఆ పని చేయలేదు. ఏ గోడ పడిపోతే ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడో, ఏ గోడ జోలికి వెళ్తే కథలో ఎవరో ఒకరు బలి కావాలో వాళ్లకు బాగా తెలుసు.

తొలి టాకీల కాలం అంటే ఇక్కడ 1931 నుంచి 1945 దాకా అనుకుందాం. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' విడుదలైంది. అదే ఏడు అక్టోబరు 31న తమిళంతో పాటు తెలుగు మాటలు కూడా ఉన్న 'కాళిదాస్' వచ్చింది. పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. తెలుగులో తొలి సాంఘికంగా చెప్పే 'ప్రేమ విజయం' వచ్చేసరికి 1936 అయింది. అయితే ప్రేమకూ అంతస్తుకూ మధ్య పేచీ సాంఘికాల కంటే ముందే తెర మీదికొచ్చింది. 'ఆలం ఆరా'లో రాకుమారుడు ప్రేమించేది దేశదిమ్మరుల మధ్య పెరిగిన అమ్మాయిని. 'కాళిదాస్'లో రాకుమారిని మోసం చేసి పశువుల కాపరికి కట్టబెడతారు.

మూడు రకాల ఎడం

ప్రేమికుల మధ్య ఎడం అనగానే ఒకే విషయం అనుకుంటాం. కనీసం మూడున్నాయి. మొదటిది ఆస్తి: పొలం, ఇల్లు, జీతం, చేసే పని. రెండోది పుట్టుక, అంటే కులం. ఎంత సంపాదించినా మారనిది. మూడోది మర్యాద: చదువు, కట్టు, మాట తీరు, నలుగురిలో ఆ ఇంటికున్న పేరు. మూడూ చాలాసార్లు కలిసే వస్తాయి కాబట్టే గందరగోళం. విడివిడిగా చూడాలంటే ఆ కాలపు సినిమాలే పనికొస్తాయి.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్లు పి.సి. బారువా దర్శకత్వంలో 'దేవదాస్' తీశారు. బెంగాలీలో బారువాయే నాయకుడు, హిందీలో సైగల్. శరత్ నవల 1917లో అచ్చయింది. దేవదాసు ఇంటివాళ్లు ముఖర్జీలు, జమీందార్లు. పార్వతి ఇంటివాళ్లు చక్రవర్తులు. రెండిళ్లూ బ్రాహ్మణులవే, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. మరి పెళ్లెందుకు కాలేదు? పార్వతి ఇంట్లో ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్లి చేసే ఆనవాయితీ ఉంది. అలాంటి ఇంటితో వియ్యం, అదీ పక్కింటివాళ్లతో, తలవంపులని దేవదాసు తల్లిదండ్రుల అభ్యంతరం. మన దగ్గర ఎక్కువగా చూసేది 1953 'దేవదాసు' కాబట్టి చాలామంది దీన్ని జమీందారు కొడుకు, పేదపిల్ల కథగానే గుర్తుంచుకున్నారు. నిజానికి ఇక్కడ కులం అడ్డు కాదు, డబ్బు కూడా సగమే అడ్డు. మిగతాదంతా పరువు.

మరుసటి ఏడాది, 1936లో, బాంబే టాకీస్ 'అచ్ఛూత్ కన్య' (అంటరాని పిల్ల) తీసింది. నిరంజన్ పాల్ కథ, ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకత్వం, దేవికారాణి, అశోక్ కుమార్ జంట. కస్తూరి తండ్రి రైల్వే గేటు కాపలాదారు. ప్రతాప్ తండ్రి ఊళ్లో చిన్న దుకాణం నడిపే బ్రాహ్మడు. ఆస్తి లెక్కన చూస్తే రెండిళ్ల మధ్య పెద్ద తేడా లేదు. ఒకరిది సర్కారు బండి గేటు దగ్గర కొలువు, ఇంకొకరిది పప్పు ఉప్పు వ్యాపారం. పైగా తండ్రులిద్దరూ ప్రాణస్నేహితులు, కస్తూరి తండ్రి ఒకసారి ప్రతాప్ తండ్రిని పాముకాటు నుంచి కాపాడాడు. పిల్లలు కలిసి పెరిగారు. అయినా పెళ్లి మాట ఎత్తడానికే లేదు. ఇక్కడ గోడ మొత్తం పుట్టుకే.

గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన 'మాలపిల్ల' మూడూ కలిసిన కథ. నాగరాజు గుడి ధర్మకర్త సుందరరామశాస్త్రి కొడుకు. శంపాలత హరిజనవాడ పిల్ల. ఊరి చెరువు, గుడి ఎవరివి అన్న తగాదా నడుస్తుండగా వాళ్లిద్దరికీ ప్రేమ పుడుతుంది. ఆస్తి ఎడమూ ఉంది, కులం ఎడమూ ఉంది, చదువు ఎడమూ ఉంది. దీని సంగతి మళ్లీ వివరంగా చూద్దాం.

మాట వచ్చాక వినిపించిన తేడా

మూకీ సినిమాలో రాకుమారుడూ కాపరీ ఇద్దరూ పెదాలే కదుపుతారు. ఎవరేమన్నారో అచ్చు అక్షరాల్లో చూపిస్తారు, లేదంటే హాల్లో ఒకాయన నిలబడి వ్యాఖ్యానం చెబుతాడు. తేడా అంతా బట్టల్లో, నగల్లో, ఇంట్లో సామాన్లలో కనిపించాల్సిందే. టాకీ వచ్చాక నోరు విప్పగానే మనిషి ఏ ఇంటివాడో తెలిసిపోతుంది.

దక్షిణాదిలో మొదట మాట్లాడిన సినిమాకి 'కాళిదాస్' కథ దొరకడం కాకతాళీయమే కావచ్చు గానీ, భలే కుదిరింది. ఆ కథలో కాపరి ఓడిపోయేది మాట దగ్గరే. చదువుకున్న రాకుమారి ముందు నోరు తెరిస్తే పరువు పోతుంది. కాళి కరుణించి వాక్కు ఇచ్చాకే అతను ఆమెకు తగినవాడవుతాడు. ఆస్తి ఇవ్వలేదు, కులం మార్చలేదు, భాష మార్చింది. కింద పుట్టినవాడు పై మాట నేర్చుకుంటే పైకి పోవచ్చన్న ఊహ అది. దాదాపు ఇదే ఊహ మీద బెర్నార్డ్ షా నాటకం నడుస్తుంది. పూలమ్ముకునే పిల్లకి దొరల ఇంగ్లీషు నేర్పే ఆ నాటకం 1938లో బ్రిటన్‌లో సినిమా అయితే, స్క్రీన్‌ప్లేకి షాకి ఆస్కార్ కూడా వచ్చింది.

అయితే తొలి తెలుగు టాకీలు ఈ అవకాశాన్ని వాడుకోలేకపోయాయి. కారణం సాంకేతికం. ప్లేబ్యాక్ పాటల పద్ధతి 1935లో న్యూ థియేటర్స్ వాళ్లు మొదలుపెట్టే దాకా, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు, నటులే కెమెరా ముందు పాడాలి. పాడగలిగినవాళ్లు ఎక్కువగా నాటకరంగం నుంచే రావాలి. నాటకాల వాళ్లు వస్తే పద్యమూ గ్రాంథికమూ వాళ్లతోనే వస్తాయి. రాజూ సేవకుడూ ఒకే రాగంలో, ఒకే భాషలో మాట్లాడుతుంటే ఇద్దరి మధ్య అంతస్తు తేడా చెవికి ఆనదు.

'మాలపిల్ల'కి తాపీ ధర్మారావు వాడుక భాషలో మాటలు రాయడం అందుకే అంత పెద్ద విషయమైంది. మనుషులు ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే తెలుగు తెర మీద వినిపించింది. బడిపుస్తకాల్లో వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి దశాబ్దాల పాటు చేసిన పోరాటానికి ఒక సినిమాతో హాలు నిండా జనం దొరికారు. ప్రేమకథకి దీనివల్ల ఒరిగిందేమిటంటే, నాయిక బాధ పద్యంలోకి అనువాదం కాకుండానే చూసేవాళ్లకు చేరింది.

దీనికి బొమ్మా బొరుసూ ఉన్నాయి. 'అచ్ఛూత్ కన్య'లో దేవికారాణిని చూడండి. టాగూర్ల కుటుంబంతో బంధుత్వం, లండన్‌లో చదువు. తీర్చిన కనుబొమలతో, నాజూకు ఉచ్చారణతో ఆమె రైల్వే గేటు దగ్గర పెరిగిన పిల్లలా ఎక్కడా అనిపించదు. ఆ సినిమాలో ఆమె కులం గురించి అందరూ మాట్లాడతారు, ఆమె మాటలో మాత్రం అది వినిపించదు. ఇది లోపమని కొందరంటారు. పెద్దింటి ప్రేక్షకులు ఆమె వైపు నిలబడాలంటే అలా చేయక తప్పలేదని ఇంకొందరంటారు. నాకు రెండో మాటలోనే అసలు సంగతి ఉందనిపిస్తుంది. అంటరాని పిల్ల మీద జాలి కలగాలంటే ఆమె అంటరాని పిల్లలా ఉండకూడదు అనే షరతు ఆ నాజూకుతనంలో దాగి ఉంది.

నాగరాజు, శంపాలత 1938లో పెళ్లి చేసుకోవాలంటే

'మాలపిల్ల'లో ప్రేమికులు ఊరు వదిలి కలకత్తా వెళ్లిపోతారు. ఇప్పుడు చూస్తే అది సినిమా మలుపులా కనిపిస్తుంది. అప్పటి చట్టం తెలిస్తే వాళ్లకు ఊళ్లో దారెంత ఇరుకో అర్థమవుతుంది.

గుళ్లో తాళి కట్టేస్తే సరిపోదా? వర్ణం దాటిన పెళ్లి కోర్టు దాకా వెళ్తే నిలుస్తుందన్న భరోసా అప్పట్లో లేదు. కులాల మధ్య హిందూ వివాహాలు చెల్లుతాయని తేల్చి చెప్పే చట్టం 1949లో గానీ రాలేదు. ఇంకో దారి రిజిస్టరు పెళ్లి. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడాలంటే మొదట్లో "నేను హిందువును కాను" అని రాసివ్వాల్సి వచ్చేది. 1923లో హరిసింగ్ గౌర్ తెచ్చిన సవరణతో హిందువులు హిందువులుగానే ఆ చట్టం కింద పెళ్లి చేసుకునే వీలు వచ్చింది. కాకపోతే ఊరికే రాలేదు.

ఒక్కో షరతునూ నాగరాజుకి అన్వయించి చూద్దాం. ఆ చట్టం కింద పెళ్లి చేసుకున్న రోజునే అతను ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. దత్తత తీసుకునే హక్కు అతనికి పోతుంది. వారసత్వంగా ఆస్తి వచ్చే హక్కు ఉంటుంది గానీ, మతపరమైన పదవికి గానీ, ధర్మకర్తృత్వానికి గానీ ఈ చట్టం ఏ హక్కూ ఇవ్వదని విడిగా రాశారు. అంటే తండ్రి సుందరరామశాస్త్రి కూర్చున్న ధర్మకర్త పీట కొడుక్కి దక్కుతుందనే ఆశ లేదు. అన్నిటికంటే కటువైనది ఇంకోటుంది: వేరే కొడుకు బతికి లేకపోతే, తండ్రి మరొకరిని దత్తత తీసుకోవచ్చు. బతికున్న కొడుకుని చనిపోయినవాడి కింద జమకట్టి వేరే కొడుకుని తెచ్చుకోమని చట్టమే తండ్రికి వెసులుబాటు ఇచ్చిందన్నమాట.

శంపాలత వైపు నుంచి చూస్తే ఆమెకు పోయే ఆస్తి లేదు. పోయేది తనవాళ్ల ప్రాణానికి భరోసా. ప్రేమికులు రైలెక్కి వెళ్లిపోవచ్చు, వాడలో మిగిలినవాళ్లు ఊరితోనే బతకాలి. నీళ్లూ కూలీ రెండూ ఊరి చేతిలోనే ఉన్నాయి. ప్రేమకథని సినిమా ఊరి చెరువు గొడవతో ముడిపెట్టడం అందుకే తెలివైన పని. ఇద్దరి గొడవ వీధి గొడవ కాకుండా ఆగదు.

గోడ దాటడానికి సినిమాలు వేసుకున్న దారులు

కథ ఎలా ముగిసిందో చూస్తే సినిమా ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

అన్నిటికంటే పాత దారి పుట్టుక రహస్యం. 'ఆలం ఆరా'లో దేశదిమ్మరుల పిల్ల చివరికి సేనాపతి కూతురని తేలుతుంది. రాకుమారుడు తక్కువ ఇంటి పిల్లని చేసుకున్నట్టూ ఉంటుంది, చేసుకోనట్టూ ఉంటుంది. ఇది మన పురాణాలకే సొంతమనుకోనక్కర్లేదు. 1936లో హాలీవుడ్ తీసిన 'మై మ్యాన్ గాడ్‌ఫ్రే'లో చెత్తకుప్పల దగ్గర బతికే నిరుద్యోగిని ఒక డబ్బున్న ఇంటివాళ్లు తెచ్చి బట్లర్‌గా పెట్టుకుంటారు. ఆ ఇంటి అమ్మాయి అతన్ని ప్రేమిస్తుంది. తీరా చూస్తే అతను బోస్టన్ సంపన్న కుటుంబంవాడే.

రెండో దారి చావు. 'దేవదాస్'లో నాయకుడు పార్వతి అత్తింటి గుమ్మం ముందు చనిపోతాడు. 'అచ్ఛూత్ కన్య'లో కస్తూరి పట్టాల మీద కొట్టుకుంటున్న భర్తనూ ప్రతాప్‌నూ కాపాడబోయి రైలుకి ఎదురెళ్లి ప్రాణం పోగొట్టుకుంటుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ సమయానికి ఆమెకు తన కులంవాడితో, అతనికి తన కులం పిల్లతో పెళ్లిళ్లయిపోయాయి. ప్రేమ చెడగొట్టిన ఏర్పాటేదీ లేదు. అయినా ఆమె చావాల్సి వచ్చింది. చనిపోయిన నాయికకు స్మారకం కట్టొచ్చు, సినిమాలో కట్టారు కూడా. బతికున్న కోడలికి ఇంట్లో చోటివ్వడం వేరే సంగతి.

మూడోది డబ్బు. బి.ఎన్. రెడ్డి వాహినీ వారికి తీసిన తొలి చిత్రం 'వందేమాతరం' (1939). చదువుకున్న నిరుద్యోగి నాగయ్య పేదింటి పిల్ల కాంచనమాలను పెళ్లాడితే, కట్నం రాలేదని తల్లి కోడల్ని సాధిస్తుంది. ఆ నాయకుడి కష్టాలు లాటరీతో మలుపు తిరుగుతాయి. డబ్బు ఎడమే అసలు సమస్య అయినప్పుడు డబ్బే మందు కాగలదు. కులానికి లాటరీ తగలదు.

నాలుగోది పెద్దవాళ్ల మనసు మారడం. 1934 నాటి 'ఇట్ హ్యాపెండ్ వన్ నైట్' దీనికి చక్కటి ఉదాహరణ. అమెరికాలో నలుగురిలో ఒకరికి పని లేని మాంద్యం రోజులవి. ఇంట్లోంచి పారిపోయిన కోటీశ్వరుడి కూతురు, ఉద్యోగం పోయిన విలేకరి బస్సులో కలుస్తారు. అద్దె గదిలో ఇద్దరి మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తారు, దానికి 'జెరికో గోడ' అని పేరు. చివర్లో ఆమె తండ్రి ప్రకటించిన 10,000 డాలర్ల బహుమతి వదిలేసి, తన జేబులోంచి ఖర్చయిన 39 డాలర్ల 60 సెంట్లు మాత్రమే ఇమ్మంటాడు నాయకుడు. దాంతో మామగారు ఫ్లాట్. గోడ పడిపోతుంది. డబ్బున్నవాడు మంచివాడైతే చాలు, పేదవాడు నిజాయితీపరుడైతే చాలు, వర్గాల మధ్య పేచీ లేదన్నమాట. సినిమా అయిదు పెద్ద ఆస్కార్లు పట్టుకుపోయింది.

అదే 1934లో, జులై నుంచి, హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్, అంటే తెర మీద ఏం చూపించకూడదో చెప్పే నియమావళి, గట్టిగా అమలు కావడం మొదలైంది. ఆ కోడ్‌లో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య లైంగిక సంబంధం చూపించకూడదని స్పష్టంగా రాశారు. డబ్బు గోడని నవ్వుతూ పడగొట్టనిచ్చిన పరిశ్రమ, రంగు గోడ వైపు కెమెరా తిప్పనివ్వలేదు. మన దగ్గర బ్రిటిష్ సెన్సారు కన్ను ఎక్కువగా కాంగ్రెసు జెండాల మీద, రాజకీయ నినాదాల మీద ఉండేది. కులం దాటిన ప్రేమను ఆపింది సెన్సారు కత్తెర కంటే పెట్టుబడి పెట్టేవాడి భయమే. పెద్ద కులాలవాళ్లు హాలుకి రాకపోతే ఎలా అన్న లెక్క.

'మాలపిల్ల' చివర్లోనూ పెద్దాయన మనసే మారుతుంది. శాస్త్రిగారి ఇంటికి నిప్పంటుకుంటుంది, ఆయన భార్యను ఒక హరిజన యువకుడు కాపాడతాడు. శాస్త్రిగారు పశ్చాత్తాపపడతారు, గుడి తలుపులు తెరుచుకుంటాయి, ప్రేమికులకు ఆశీర్వాదం దొరుకుతుంది. ఎవరూ చనిపోలేదు, ఎవరి పుట్టుకా రహస్యం కాదు. ఆ రోజుల్లో ఇదే పెద్ద సాహసం. చిక్కేమిటంటే, మనిషిగా ఒప్పుకోవడానికి ముందు వాడవాళ్లు ఒక ప్రాణం కాపాడి చూపించాల్సి వచ్చింది.

'మాలపిల్ల' ఎంత దూరం వెళ్లింది?

ఈ సినిమా మీద తగాదా ఇప్పటికీ తెగలేదు, తెగకపోవడానికి కారణాలూ ఉన్నాయి.

మెచ్చుకునేవాళ్లు కాలాన్ని చూడమంటారు. గాంధీ హరిజన యాత్ర ఆంధ్రలో సాగింది 1933 చివర్లో. తిరువాన్కూరులో గుళ్లు అందరికీ తెరిచింది 1936 నవంబరులో. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1939లో. అంటే చట్టం కంటే సినిమా ముందుంది. అంతే కాదు, గుడి ప్రవేశం గాంధీ కార్యక్రమంలో ఉంది గానీ, కులాంతర వివాహం ఆ రోజుల్లో ఆ ఉద్యమపు ప్రధాన నినాదం కాదు. హరిజనులతో పెళ్లిళ్లను గాంధీ గట్టిగా ప్రోత్సహించింది 1940లలో. కులం పోవాలంటే అసలు మందు కులాంతర వివాహమేనని 1936లో సూటిగా రాసినవాడు అంబేద్కర్. రామబ్రహ్మం సినిమా పైకి గాంధీ మార్గంలో నడిచినా, కథ నడుమ మాత్రం అంబేద్కర్ చెప్పిన పని జరుగుతుంది. కథ ఇచ్చినవాడు చలం అని గుర్తుంటే ఇది ఆశ్చర్యం కాదు.

తప్పుపట్టేవాళ్లు కథ ఎవరిదని అడుగుతారు. సినిమా పేరు శంపాలతది. మారే మనిషి మాత్రం శాస్త్రిగారు, మలుపు తిప్పేది ఆయన కన్నీళ్లు. ప్రేమించే హక్కు పెద్ద కులం మగపిల్లాడిది, ప్రేమ పొందే అదృష్టం కింది కులం ఆడపిల్లది. 'అచ్ఛూత్ కన్య'లోనూ ఇదే అమరిక. వాడలో పుట్టిన కుర్రాడు అగ్రహారం పిల్లని ప్రేమించే కథ ఆ రోజుల్లో ఎవరు తీసేవారు? ఈ ప్రశ్నని దాటేసి 'మాలపిల్ల'ని పొగడటం కష్టం.

మూడో వాదన డబ్బు దారి వెంట వెళ్తుంది. 'మాలపిల్ల' తీసిన సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. రామబ్రహ్మం 'ప్రజామిత్ర' పత్రిక నడిపిన మనిషి, బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ రాజకీయాలు దగ్గర్నుంచి ఎరిగినవాడు. కాబట్టి అగ్రహారం మీద విసురు వెనక బ్రాహ్మణేతర ఉద్యమపు లెక్క కూడా ఉందని వీళ్లంటారు. మాటలో పస ఉంది. అయితే ఆ వాదన 1939 దగ్గర తడబడుతుంది. అదే సంస్థ, అదే దర్శకుడు, అదే జమీందారు డబ్బుతో 'రైతుబిడ్డ' తీసి జమీందార్లనే ఏకిపెట్టారు. జమీందారీ రైతుల కష్టాల మీద ప్రకాశం కమిటీ విచారణ జరిపి ఎంతో కాలం కాలేదు. జమీందార్లు మండిపడ్డారు, సినిమా మీద నిషేధం పడింది. జమీందారు డబ్బుతో తీసిన సినిమాని జమీందార్లే ఆపించడం తెలుగు సినిమా చరిత్రలో విచిత్రమైన ఘట్టం.

ఒక్కటి మాత్రం మూడు వాదనలవాళ్లూ ఒప్పుకుంటారు. 'మాలపిల్ల' బాగా ఆడింది. కులం పేరు పెట్టి ప్రేమకథ తీస్తే నష్టమన్న భయం ఆ సినిమా వసూళ్లలో కనపడదు.

పనిమనిషితో ప్రేమ: కులం పేరెత్తని దారి

వసూళ్లు అంత బాగున్నా ఆ దారిలో ఎక్కువమంది నడవలేదు. 1940ల సాంఘికాలకు ఇష్టమైన జంట వేరు. 1941లో బి.ఎన్. రెడ్డి తీసిన 'దేవత' ఇందుకు మంచి నమూనా. ఇంగ్లండులో చదివొచ్చిన వేణు (నాగయ్య) ఇంట్లో పనిచేసే లక్ష్మికి (కుమారి) దగ్గరవుతాడు. డబ్బున్న ఇంటి అమ్మాయితో అతనికి సంబంధం కుదురుతుంది. గర్భవతి అయిన లక్ష్మి ఊరు విడిచి నానా అగచాట్లు పడుతుంది, జైలుకీ వెళ్తుంది. చివరికి వేణు ఆమెనే స్వీకరిస్తాడు.

ఈ కథలో కష్టమంతా యజమాని, పనిమనిషి అన్న తేడాలోంచి వస్తుంది. లక్ష్మి కులం ఏమిటన్నది కథకి ప్రశ్నే కాదు. అందువల్ల జరిగింది రెండు రకాలు. ఒక పక్క, ఇంటి పనిమనిషి మీద యజమాని చేసే అన్యాయాన్ని ఇంత నేరుగా చూపిన సినిమా అంతకుముందు తెలుగులో అరుదు. మగవాణ్ణి నమ్మొద్దని పాడే పాట కూడా ఉంది అందులో. ఇంకో పక్క, పనిమనుషులు ఏ కులాల నుంచి వస్తారో తెలిసిన సమాజంలో ఆ మాటే ఎత్తకుండా కథ నడిపేయొచ్చని పరిశ్రమ నేర్చుకుంది. పేదరికం అంటే అందరూ కంటతడి పెడతారు. కులం అంటే హాల్లో సగం మంది కుర్చీలో ఇబ్బందిగా కదులుతారు.

1945 నాటి 'స్వర్గసీమ' ఇంకో మెట్టు పైకెళ్లింది. వీధుల్లో ఆడిపాడే సుబ్బి రంగస్థల తార సుజాతాదేవి అవుతుంది. ఆ పాత్రలో భానుమతి. పేరు, చీర, మాట, నడక అన్నీ మారాక పెళ్లాం పిల్లలున్న పత్రికా సంపాదకుడు ఆమె వెంటపడతాడు. కింది నుంచి పైకొచ్చిన ఆడది కాపురాలు కూలుస్తుందన్న భయం ఈ కథకు ఆయువుపట్టు. లక్ష్మి కిందే ఉండి కన్నీళ్లు పెట్టుకుంటే దేవత, సుబ్బి పైకొచ్చి నవ్వితే ప్రమాదం.

తెర వెనక ఇంకో లెక్క

తెర మీద అంతస్తుల గురించి ఇంత మాట్లాడిన సినిమా లోకానికి సొంత అంతస్తులున్నాయి. తొలి రోజుల్లో నటీమణులు చాలామంది నాటక కుటుంబాల నుంచి, ఆటపాటల వృత్తిలో ఉన్న ఇళ్ల నుంచి వచ్చారు. "మంచి ఇంటి" ఆడపిల్లలు సినిమాల్లోకి రావడం తలవంపులుగా ఉండేది. దేవికారాణి చదువునీ వంశాన్నీ బాంబే టాకీస్ పదే పదే చాటుకోవడం వెనక ఈ ఇబ్బందే ఉంది. హాల్లో కూడా నేల, బెంచీ, కుర్చీ వేరువేరు. నేల టికెట్టువాడూ కుర్చీ టికెట్టువాడూ ఒకే ప్రేమకథకి కంటతడి పెట్టేవాళ్లు, చెరో గుమ్మంలోంచి బయటికెళ్లేవాళ్లు.

కాపరి నుంచి తోటరాముడి దాకా

1951లో 'పాతాళభైరవి' వచ్చేసరికి ఈ బేరం పూర్తిగా కుదురుకుంది. తోటమాలి కొడుకు ఉజ్జయిని రాకుమారిని ప్రేమిస్తాడు. రాజుగారు కోపగించుకున్నా చివరికి ఒక షరతు పెడతారు: నాతో సమానమైన సంపద తెచ్చుకో, పిల్లనిస్తాను. తోటరాముడు మాంత్రికుడి వెంట వెళ్లి పాతాళభైరవిని సాధించి మేడ కట్టించుకుంటాడు, పెళ్లి ఖాయమవుతుంది. 1931 కాపరికి దేవత భాష ఇచ్చింది, 1951 తోటరాముడికి దేవత డబ్బిచ్చింది. నీ కులమేమిటని రాజు అడగడు, రాముడు చెప్పడు. హాల్లో నేల నుంచి కుర్చీ దాకా అందరూ ఈల వేయగలిగిన ప్రేమకథ అది, ఆ తర్వాత డెబ్బై ఏళ్లుగా డబ్బున్న మామగారు, పేద అల్లుడు అన్న సరుకుతో మన పరిశ్రమ అచ్చుపోసుకుంటున్నదీ అదే. చట్టం మాత్రం వేరే దారిన పోయింది. తోటరాముడు తెర మీదికి రావడానికి రెండేళ్ల ముందే, నాగరాజు, శంపాలత గుళ్లో తాళి కట్టుకున్నా ఆ పెళ్లి చెల్లుతుందని పార్లమెంటు భవనంలో చట్టం చేశారు. ఆ జంట కథని మళ్లీ తీయడానికి మాత్రం నిర్మాతలు ఎగబడలేదు.